కొండల్ని కొలిచిన పాదాలు

అలిపిరిలో చెప్పులు విప్పేస్తాం. అక్కడి నుంచి 3550 మెట్లు ఒట్టి కాళ్లతోనే ఎక్కుతాం. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2388 మెట్లు. ఎండాకాలం మధ్యాహ్నం రాయి సెగలు కక్కుతున్నా, మోకాళ్ల మిట్ట దగ్గర పిక్కలు పట్టేసినా ఆగం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పుట్టినవాళ్లకు కొండ అంటే పాదం నేరుగా రాతిని తాకే చోటు. శేషాచలాన్ని కాలితో తొక్కరాదని రామానుజులవారు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకుంటాం. అదే అలిపిరిలో పాదాల మండపం ఉంది. స్వామి పాదుకల్ని నెత్తిన పెట్టుకుని భక్తులు అక్కడ ప్రదక్షిణ చేస్తారు. స్వామి రాత్రిపూట కొండ దిగి తిరుచానూరుకు అమ్మవారి దగ్గరికి నడిచి వెళ్తాడనీ, అందుకే ఆయన చెప్పులు అరిగిపోతాయనీ, ఆయన కాలికి తగ్గ పెద్ద తోలు చెప్పులు కుట్టి సమర్పించేవాళ్లనీ తరతరాల కథ. దేవుడైనా సరే, కొండ ఎక్కి దిగాలంటే కాలికి కుదిరిన చెప్పు కావాలని నమ్మిన నేల ఇది.

ఈ కొండలకు ఉత్తరాన, నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డున సంగం ఉంది. ఆ మండలంలోని గాంధీ జనసంగం అనే చిన్న ఊళ్లో 1974 సెప్టెంబరు 3న పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబు పుట్టాడు. అతని గురించి రాసినవాళ్లంతా శిఖరాల లెక్క రాశారు. నాకు అతని పాదాలు గుర్తొస్తాయి. వరి పొలాల గట్ల మీద, పెన్న ఇసుకలో నడక నేర్చిన పాదాలు అంటార్కిటికా మంచు దాకా వెళ్లాయి. ఆ దారిలో ఏ అడుగూ ఒట్టి కాలితో వేసేది కాదు. ప్రతి అడుగూ ఒక బూటును నమ్ముకుని వేసిందే.

మంచు శిఖరమంటే ఏమిటో ఆ పిల్లవాడికి తెలిసింది విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో. అక్కడ చదివి సైన్యంలో చేరిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు 1985లో భారత సైన్యం జట్టుతో ఎవరెస్టు మీదికి వెళ్లాడు. అక్టోబరులో తుపాను పట్టుకుంది. ఆ యాత్రలో ఐదుగురు అధికారులు పోయారు. ఒకరు జారిపడి, మిగిలిన నలుగురు దాదాపు 7,900 మీటర్ల ఎత్తున సౌత్‌ కోల్‌ దగ్గర చలికి. భాస్కరరావు ఆ నలుగురిలో ఒకడు. తమ బడిలోనే చదివిన అన్న ఎవరెస్టు మీద ఉండిపోయాడన్న కబురు చాలామంది పిల్లల్ని భయపెట్టి ఉంటుంది. మస్తాన్‌బాబును అది కొండవైపు లాగింది. ఆ తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంటు. ఏ కన్నతల్లి అయినా ఇక చాలు అనుకునే చదువులు. అతనికి అవి చాలలేదు.

2006 జనవరి 19, గురువారం: అంటార్కిటికాలో విన్సన్ మాసిఫ్. ఫిబ్రవరి 17, శుక్రవారం: దక్షిణ అమెరికాలో అకాంకాగువా. మార్చి 15, బుధవారం: కిలిమంజారో. ఏప్రిల్ 1, శనివారం: ఆస్ట్రేలియాలో కోజియస్కో. మే 21, ఆదివారం: ఎవరెస్టు. జూన్ 13, మంగళవారం: ఎల్‌బ్రుస్. జులై 10, సోమవారం: అలాస్కాలో డెనాలీ. ఏడు ఖండాల ఏడు ఎత్తైన కొండలు, 172 రోజుల్లో, వారంలోని ఏడు రోజుల్లో ఒక్కో రోజున ఒక్కోటి. ఏడుకొండలవాడి సీమకు పక్కనే పుట్టినవాడికి ఈ లెక్క కుదిరిందని మావైపు పెద్దవాళ్లు చేతులు జోడించారు. గిన్నిస్‌వాళ్లు రికార్డుగా రాసుకున్నారు.

ఆ లెక్కను పాదం వైపు నుంచి చూస్తే ఇంకోలా కనబడుతుంది. కోజియస్కో 2,228 మీటర్లే. వేసవిలో మామూలు నడక బూట్లతో పిల్లలు కూడా ఎక్కుతారు. కిలిమంజారో అడవిలో మొదలై, అగ్నిపర్వతం కక్కిన బూడిదా గులకా మీదుగా సాగుతుంది. విన్సన్ మీదా, డెనాలీ మీదా లోపల ఒక మెత్తని బూటు, బయట ఒక గట్టి డిప్ప, ఇలా రెండు పొరలుండే బూట్లు లేకుండా అడుగు వేయలేరు. ఎవరెస్టు మీద ఇంకా మందం కావాలి. ఎవరెస్టు దిగిన 23 రోజులకు ఎల్‌బ్రుస్, అక్కడి నుంచి 27 రోజులకు డెనాలీ. అంత ఎత్తుకు వెళ్లివచ్చిన పాదం వాస్తుంది, గోళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. ఆ పాదాన్ని నెల తిరక్కముందే మళ్లీ గట్టి బూటులో దూర్చాలి. శిఖరం మీద జెండా పట్టుకున్న ఫొటోలో ఇవేవీ కనిపించవు.

కొండబూటు కాలికి కుదరడమంటే ఏమిటో మన ఊళ్లలో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. పొద్దున కొలిచిన పాదం సాయంత్రానికి అదే పాదం కాదు. రోజంతా నడిచాక అది ఉబ్బుతుంది. అందుకే ఈ బూటును సాయంత్రం పూటే కొనాలి, కూర్చుని కాకుండా నిలబడి, ఒంటి బరువంతా కాలి మీద వేసి కొలవాలి. రెండు పాదాలూ సమానంగా ఉండేవాళ్లు అరుదు, పెద్దదాని కొలతే లెక్క. కొండ మీద తొడిగే ఉన్ని మేజోడునే తొడిగి చూడాలి. లేసు కట్టకుండా కాలిని ముందుకు జరిపి వేళ్లు బూటు ముక్కుకు తగిలేలా నిలబడితే మడమ వెనక ఒక వేలు దూరాలి. లేసు బిగించాక మడమ కదలకూడదు, కాలివేళ్లు మాత్రం హాయిగా ఆడాలి. చివరిగా ఒక వాలు మీద కిందికి నడవాలి. వేళ్లు పోయి ముందు గోడకు గుద్దుకుంటే, ఎంత ఖరీదైన బూటయినా అది నీది కాదు. ఎక్కేటప్పుడు తప్పు చెప్పని బూటు దిగేటప్పుడు చెబుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే రక్తం కోసం. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, రక్తం చిక్కబడుతుంది. చలి ఎక్కువైతే శరీరం గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడుకోవడానికి చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. కాలివేళ్లు అన్నిటికంటే దూరంలో ఉంటాయి, వాటికి అందేదే తక్కువ. దానికితోడు బూటు మీగాలిని నొక్కితే ఆ కొంచెం కూడా ఆగిపోతుంది. చలి వేస్తోంది కదా అని ఇరుకు బూటులో రెండో మేజోడు తొడిగితే వేడి పెరగదు, చచ్చిపోతుంది. కాలికీ తోలుకూ నడుమ ఉండే కాస్త గాలే వెచ్చదనం. పోనీ వదులు బూటు మేలా అంటే, మడమ లేచి లేచి రాసుకుని బొబ్బలెక్కుతుంది. మంచులో దిగే ఇనుప కోరలు, అంటే క్రాంపాన్లు, బూటు అడుగుకు బిగించి ఉంటాయి. బూటులో కాలు తిరిగితే ఆ కోరలు అనుకున్న చోట దిగవు. నిలువు మంచు మీద అది చాలు.

నొప్పి ఉన్నంత సేపూ పాదం బతికే ఉందని అర్థం. నొప్పి పోయి మొద్దుబారిందంటే మంచుకాటు మొదలైంది. కొత్త చెప్పు కరుస్తుంది, నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే సర్దుకుంటుందని పెరిగాం మనం. ఊళ్లో ఆ ఓర్పు చెల్లుతుంది. ఆరువేల మీటర్ల పైన చెల్లదు.

ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ హెర్జోగ్, లూయీ లాషెనాల్ 1950 జూన్ 3న అన్నపూర్ణ ఎక్కారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండను మనిషి గెలవడం అదే మొదలు. పైకి వెళ్తుండగానే లాషెనాల్‌కు కాళ్లు చల్లబడుతున్నాయని తెలిసింది, దిగిపోదామన్నాడు. హెర్జోగ్ ఆగలేదు. అతన్ని ఒంటరిగా వదలలేక లాషెనాల్ వెంట వెళ్లాడు. తిరుగుదారిలోనే వైద్యుడు వాళ్ల వేళ్లు ఒక్కొక్కటీ తీసేశాడు. ఇద్దరికీ కాలివేళ్లు పోయాయి, హెర్జోగ్‌కు చేతివేళ్లు కూడా. లాషెనాల్ వృత్తి పర్వతారోహకుడు. పాదాలే అతని జీవనం. మూడేళ్ల తర్వాత 1953 మే 29 పొద్దున ఎవరెస్టు మీది ఆఖరి గుడారంలో హిల్లరీ లేచేసరికి రాత్రి విప్పి పెట్టిన బూట్లు రాయిలా గడ్డకట్టాయి. స్టవ్వు మంట మీద వాటిని మెత్తబరచడానికి రెండు గంటలు పట్టింది. టెన్సింగ్ మాత్రం బూట్లు విప్పకుండానే పడుకున్నాడు. చలికొండల్లో పెరిగిన మనిషి ఎరుక అది. ఇప్పుడు రెండు పొరల బూట్లు వాడేవాళ్లు లోపలి మెత్తని బూటును రాత్రి తమతోపాటు నిద్రసంచిలోనే పెట్టుకుంటారు.

మన పాదం దగ్గరికి వస్తే ఇంకో చిక్కుంది. మనం వాడే సైజులు బ్రిటిష్‌వాళ్లు వదిలి వెళ్లినవి. ఒక సైజుకూ తర్వాతి సైజుకూ తేడా ఒక బార్లీ గింజ పొడవు, అంటే అంగుళంలో మూడో వంతు. ఆ లెక్కలో పొడవుంది, మన పాదపు వెడల్పు లేదు. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. మన పాదాలు యూరోపువాళ్ల పాదాల కంటే వెడల్పని తేలింది. చెప్పుల్లేకుండా పెరిగిన పాదం వేళ్ల దగ్గర పరుచుకుంటుంది. ఆ పాదం ఇరుకు బూటులో పట్టక ఒకటి రెండు సైజులు పెద్దది కొంటాం. వెడల్పు సరిపోతుంది, పొడవు మిగిలిపోతుంది. అప్పుడు మడమ లేస్తుంది, దిగుడులో వేళ్లు గుద్దుకుంటాయి. తలకోనలోనూ, నాగలాపురం వాగుల్లోనూ ట్రెక్కింగ్ ముగించుకుని మేజోళ్లు విప్పే కుర్రాళ్ల కాళ్లు చూడండి, బొటనవేలి గోరు నల్లగా ఉంటుంది. అది గుట్ట చేసిన గాయం కాదు, బూటు చేసిన గాయం.

ఆ కొలతలతో మన పాదానికి సొంత సైజు పట్టిక ఒకటి తయారైంది, భారత్ పేరులోని మొదటి అక్షరంతో దానికి ‘భ’ అని పేరు పెట్టారు. ఆ సంస్థకు ప్రాణం పోసినవాడు గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. చర్మం పని చేసే చేతుల్ని చిన్నచూపు చూసే దేశంలో ఆ పనిని ప్రయోగశాలలోకి తెచ్చి గౌరవంగా కూర్చోబెట్టిన శాస్త్రవేత్త. 1985 జూన్ 23న కనిష్క విమానాన్ని బాంబుతో పేల్చేసినప్పుడు ఐర్లండు తీరానికి దూరంగా సముద్రంలో పోయాడు. ఎవరెస్టు మీద భాస్కరరావు పోయింది ఆ ఏడాదే, నాలుగు నెలల తర్వాత. ఒక తెలుగువాడికి తోలు గుట్టు తెలుసు, ఒక తెలుగువాడికి కొండ పిలుపు తెలుసు. ఆ రెండు తెలివిడులూ ఒక్క బూటులో కలిసే రోజు రాకుండానే ఇద్దరూ వెళ్లిపోయారు.

ఈ సీమకు తోలు కొత్తది కాదన్నది నా బాధ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనే ఉండేది. జిల్లా గీతకు అటువైపు రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, దేశమంతా తెలిసిన తోలు ఊళ్లు. ఇటువైపు మెట్టల నిండా తంగేడు. తంగేడు చెక్కతో, కరక్కాయతో పదును చేసిన దక్షిణాది తోలు మద్రాసు రేవు నుంచి లండన్‌కు పోయేది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలులో చాలాభాగం అదే. తర్వాత దక్షిణాఫ్రికా చెట్ల బెరడు వచ్చింది, క్రోమియం ఉప్పులతో పదును చేసే పద్ధతి వచ్చింది, తంగేడును అడిగేవాళ్లు తగ్గిపోయారు. కాలిని నేల మీద పెట్టించి, చుట్టూ గీత గీసి, ఆరెతో కుట్టి కిర్రుచెప్పులు చేసిచ్చిన పల్లె మాదిగల పని కూడా దాంతోపాటే సన్నగిల్లింది. ఆ చెప్పు ఒక్క మనిషిదే. మరొకరి కాలికి సరిపడేది కాదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే, తడ దగ్గర మాంబట్టులో, అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతున్నాయి. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు బస్సుల్లో వచ్చి కుడతారు. బూటు కుట్టే చేయి మన దగ్గర ఉంది. మంచుకొండకు పోయే మన పిల్లవాడి పాదానికి అచ్చు చెక్కే పట్టుదలే లేదు. దేవుడి చెప్పును నెత్తిన పెట్టుకున్నవాళ్లం, పిల్లల పాదాల్ని మాత్రం పరాయి కొలతకే వదిలేశాం.

మస్తాన్‌బాబు ఆ పరాయి కొలతల్లోనే లోకమంతా తిరిగాడు, గెలిచాడు. అతన్ని ఓడించింది బూటు కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. పాదం, తోలు, లేసు, మడమ అన్నీ కుదిరిన మనిషి కూడా కొండకు ఒప్పజెప్పలేని లెక్కలు కొన్ని ఉంటాయి.

2014 చివర్లో అతను దక్షిణ అమెరికాకు వెళ్లాడు. అతను చేరిన చోటు చిలీ, అర్జెంటీనా సరిహద్దులో ఆండీస్ కొండల్లో అటకామా ఎడారి పైఅంచు. వానలు లేవు, చెట్లు లేవు, గాలి మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ట్రెస్ క్రూసెస్ సూర్ అనే శిఖరం 6,700 మీటర్లు దాటుతుంది. 2015 మార్చి 24న అతను ఒక్కడే పైకి బయల్దేరాడు. మర్నాడు తిరిగి రావలసినవాడు. వాతావరణం విషమించింది. అతను రాలేదు.

ఒంటరిగా ఎక్కడమంటే ఏమిటో ఈ చోట ఆగి ఆలోచించాలి. జట్టులో ఉన్నవాడి కాలు మొద్దుబారితే పక్కవాడు బూటు విప్పించి ఆ పాదాన్ని తన పొట్టకు ఆనించుకుని వెచ్చబెడతాడు. కొండెక్కేవాళ్లలో అది పాత అలవాటు, ఎందరి వేళ్లనో నిలబెట్టింది. నడక తడబడుతోందని, మాట ముద్దగా వస్తోందని గమనించేదీ పక్కవాడే. చలి మెదడును మందగింపజేశాక తన సంగతి తనకు తెలియదు. ఒక్కడే ఉన్నవాడికి ఆ పొట్ట లేదు, ఆ కళ్లు లేవు. 1985లో సౌత్‌ కోల్‌ మీద నలుగురు ఒకరి దగ్గర ఒకరుండి కూడా బతకలేదు. ఇక్కడ ఆ తోడు కూడా లేదు. ఏడు ఖండాలు తిరిగిన మనిషికి ఇదంతా తెలియక కాదు. ఒంటరిగా నడవడం అతనికి తెలిసిన విద్య, ప్రీతి. అందుకు అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ రాత్రి అక్కడ ఇంకొక్క మనిషి ఉంటే బాగుండేదన్న కోరిక ఇన్నేళ్లయినా పోవడం లేదు.

రోజులు గడిచాయి. రెండు దేశాల బృందాలు వెతికాయి. నెల్లూరు జిల్లాలో ఇంటివాళ్లు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు, అతనితో చదువుకున్న స్నేహితులు దేశదేశాల నుంచి సందేశాలు పంపారు. గుడారంలో తలదాచుకుని ఉంటాడనీ, దారితప్పి మరో వైపు దిగి ఉంటాడనీ అనుకున్నారు. ఏడు శిఖరాలు ఎక్కినవాడు కదా అన్న ధీమా తెలుగునాట చాలామందికి ఉండేది. ఏప్రిల్ మొదటి వారంలో అతని దేహం దొరికింది. విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఆ కబురును దేశానికి చెప్పారు. అతనికి నలభై ఏళ్లు.

దేహాన్ని కిందికి దించడం, కాగితాలు, విమానాలు, ఇవన్నీ ముగిసి స్వదేశం చేరేసరికి ఏప్రిల్ నాలుగో వారమైంది. చెన్నై నుంచి నెల్లూరు దారి తడ మీదుగానే పోతుంది, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు దాటి పెన్న వైపు. ఏప్రిల్ 25, శనివారం నాడు గాంధీ జనసంగంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అదే రోజు మధ్యాహ్నం వేళ నేపాల్‌లో భూమి కంపించింది. తొమ్మిదేళ్ల కిందట అతను ఎక్కిన ఎవరెస్టు పాదంలో, బేస్ క్యాంపు గుడారాల మీద మంచుచరియ విరుచుకుపడింది. అక్కడ పోయినవాళ్లలో అప్పటికింకా పైకి ఒక్క అడుగూ వేయనివాళ్లు ఉన్నారు.